సబ్బు బుడగల ఫోటోలు: "సూపర్" కాకుండా ఇంకేమైనా చెప్పండి

అలలదరి
విశాఖలో ఉంటాను. ఈమధ్య సెలవు దొరికితే చాలు, సబ్బు బుడగలే తీస్తున్నాను. ఫ్యామిలీ గ్రూపులో పెడితే "సూపర్", "నైస్ పిక్", వరసగా దండాలు. వాళ్ల ప్రేమకి సంతోషమే. కానీ తర్వాతి ఫోటో ఇంతకన్నా బాగా రావాలంటే ఏం చెయ్యాలో అక్కడ ఎవరూ చెప్పరు కదా. అందుకే ఇక్కడ పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

1వ ఫోటో: నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక్కటే బుడగ. పక్క నుంచి కిటికీ వెలుగు. బుడగలో కిటికీ రెండు చోట్ల కనిపిస్తోంది.
2వ ఫోటో: ఆర్కే బీచ్, సాయంత్రం. గాల్లో తేలుతున్న పెద్ద బుడగలో, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా జలాంతర్గామి ప్రతిబింబం.
3వ ఫోటో: అమ్మ చేతికి వేసుకునే ఇత్తడి గాజుని సబ్బు నీళ్లలో ముంచి, నిలబెట్టి, పొరని దగ్గరగా తీశాను. కింద రంగుల పట్టీలు, పైన నలుపు.
4వ ఫోటో: తడి అద్దం పలక మీద అతుక్కున్న మూడు బుడగలు, పైనుంచి.
5వ ఫోటో: పగిలే క్షణం.

కెమెరా క్రాప్ సెన్సర్‌ది, లెన్స్ 100 ఎంఎం మాక్రో (చాలా దగ్గరి ఫోటోలకి వాడేది). మొదటి రెండూ ఎఫ్4లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి తీసినవి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది మళ్లీ తియ్యాలి?

మొబైల్ మల్లి
నాకు 3 నచ్చింది. పైనున్న చీకటికీ కింద రంగులకీ మధ్య ఒక వెండి గీత ఉంది చూడండి, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. 1 మాత్రం కొత్త ఫోన్‌లో ముందే వేసి ఇచ్చే వాల్‌పేపర్‌లా ఉందక్కా, ఏమనుకోకు.

నలుపుతెలుపు
మల్లి 1 గురించి చెప్పింది కరెక్టు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గుర్తుపెట్టుకోడానికీ ఏమీ లేదు. పైగా శాచురేషన్ (రంగుల గాఢత) బాగా లాగారు. మెజెంటా ఉన్నచోట వివరం అంతా పోయి ముద్దగా అయిపోయింది.

2: ఐదింట్లోకీ మంచి ఆలోచన ఇదే. తీసిన తీరు ఆ ఆలోచనకి సరిపోలేదు. జలాంతర్గామి అని మీరు రాశారు కాబట్టి తెలిసింది.
3: పైన మూడో వంతు ఉత్త నలుపు. క్రాప్ చేసెయ్యండి. రంగుల పట్టీల మీద నిలబడే ఫోటో అది.
4: ఉంచండి.
5: తీసెయ్యండి. పగిలిందని తెలుస్తోంది, ఎలా పగిలిందో తెలియట్లేదు.

రిటైర్డ్ మాస్టారు
3వ ఫోటోని దయచేసి క్రాప్ చెయ్యొద్దు. ఆ నలుపు ఖాళీ కాదమ్మా, అక్కడ కూడా పొర ఉంది.

సబ్బు పొరకి రెండు తలాలు. ముందు తలం నుంచి కొంత వెలుగు, వెనక తలం నుంచి కొంత వెలుగు మన కంటికి తిరిగొస్తాయి. ముందు తలం మీద తిరిగినప్పుడు తరంగం తలకిందులవుతుంది, వెనక తలం మీద అవ్వదు. పొర కాస్త మందంగా ఉంటే వెనక నుంచి వచ్చేది కొంచెం ఎక్కువ దూరం తిరిగొస్తుంది. ఆ తేడాని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. మీ పట్టీలన్నీ అలా వచ్చినవే. ఒక్కో రంగు ఒక్కో మందం.

గాజుని నిలబెట్టారు కాబట్టి నీరు కిందకి జారుతూ పైభాగం పల్చబడుతూ వచ్చింది. సుమారు 30 నానోమీటర్ల లోపుకి వచ్చేసరికి ఆ దూరం తేడా లెక్కలోకి రాదు. ఒక తరంగం తలకిందులు, ఇంకోటి మామూలు, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇక ఏ రంగూ తిరిగి రాదు. తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా పల్చని పొర అది. బుడగల మీద వచ్చే ఈ నల్లమచ్చల్ని 300 ఏళ్ల కిందటే న్యూటన్ గమనించి రాశాడు.

పైన నలుపు, దాని కింద వెండి తెలుపు, ఆ కింద పసుపు, ఊదా, నీలం. పుస్తకంలో ఉన్న వరస ఉన్నట్టు వచ్చింది మీ ఫోటోలో. క్లాసులో బోర్డు మీద గీసి చెప్పీ చెప్పీ చాలా ఏళ్లు గడిచాయి నాకు. ఇంత స్పష్టమైన ఫోటో చేతిలో ఉంటే ఆ పాఠమే వేరుగా ఉండేది.

నలుపుతెలుపు
మాస్టారూ, మీరు చెప్పింది చదువుతుంటే ఒళ్లు పులకరించింది, నిజం. కానీ ఫోటో చూసేవాళ్ల పక్కన మీరు నిలబడి చెప్పరు కదా. వాళ్లకి అది వెనకున్న నల్ల గుడ్డలాగే కనిపిస్తుంది. ఫోటో తన మాట తనే చెప్పుకోవాలి.

రిటైర్డ్ మాస్టారు
చెప్పుకోలేకపోతే చెప్పుకునేలా తియ్యాలి. కోసేస్తే ఎలా?

స్టూడియో శీను
మీ ఇద్దరి మధ్యలో నేనొక మాట చెప్తాను. అలలదరి గారు మరీ దగ్గరగా వెళ్లారు, ఫ్రేములో గాజు అంచు ఎక్కడా లేదు. అందుకే పైనున్న నలుపు బ్యాక్‌గ్రౌండ్ అనిపిస్తోంది. ఒక్క అడుగు వెనక్కి జరిగి, గాజు పైఅంచు ఒంపు కనపడేలా తియ్యండి. ఇత్తడి మీద చిన్న మెరుపు పడితే చాలు. అంచు అక్కడిదాకా ఉంది, పొర కూడా అక్కడిదాకా ఉందని చూసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. మాస్టారు గారి పొర ఉంటుంది, నలుపుతెలుపు గారికి ఫ్రేము కుదురుతుంది.

నలుపుతెలుపు
అంచు కనిపిస్తే ఆలోచిస్తా. అయినా మూడో వంతు నలుపు ఎక్కువే.

మొబైల్ మల్లి
నలుపుతెలుపు అని పేరు పెట్టుకుని నలుపు వద్దంటున్నారేంటి అన్నా 😄

నలుపుతెలుపు
పేరులో తెలుపు కూడా ఉంది తల్లీ.

స్టూడియో శీను
1 గురించి. బెజవాడలో పెళ్లిళ్లు తీస్తాను. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి బుడగల మెషీన్ పెట్టమని అడగని జంట లేదు, కాబట్టి వీటితో బాగానే తంటాలు పడ్డాను.

బుడగకి సొంత రంగు అంటూ ఉండదు. వెలుగు వచ్చే చోటు అందులో ఎంతమేర ప్రతిబింబిస్తే అంతమేరే రంగు. మీ కిటికీ చిన్నది, అందుకే రంగు కూడా కిటికీ ఆకారంలో రెండు ముక్కలుగా ఉండిపోయింది. మిగతా బుడగ అంతా చీకటి. ఆ చీకటిలో రంగు లాగుదామని మీరు శాచురేషన్ పెంచి ఉంటారు.

వెలుగుని పెద్దది చెయ్యండి. ఉతికిన తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డంగా, గోడ నుంచి గోడకి కట్టండి. బుడగని దాని దగ్గరికి జరపండి. రెండో పక్క ఒక థర్మాకోల్ షీటు. వెనక మాత్రం నల్ల వెల్వెట్ గుడ్డే ఉండాలి, మామూలు నల్ల గుడ్డ అయితే వెలుగు పడి బూడిద రంగుకి తిరుగుతుంది. అప్పుడు బుడగ సగానికి పైగా రంగుతో నిండుతుంది, మీరు ఏ స్లైడరూ ముట్టుకోనక్కర్లేదు.

ఇంకోటి, ఊదగానే తియ్యకండి. కొత్త బుడగ పొర మందంగా ఉంటుంది, లేత గులాబీ, లేత ఆకుపచ్చ తప్ప ఏమీ రావు. కాసేపు ఆగితే పల్చబడి ముదురు రంగులు దిగుతాయి.

కటకం
1లో కిటికీ రెండుసార్లు ఎందుకు వచ్చిందో చెప్తే 2లో ఏం జరిగిందో కూడా తెలుస్తుంది. బుడగ ముందు గోడ కుంభాకార దర్పణం, దానిలో బొమ్మ నిటారుగా ఉంటుంది. వెనక గోడ లోపలి వైపు పుటాకార దర్పణం, దానిలో బొమ్మ తలకిందులు. రెండూ ఒకేచోట ఉండవు. దూరంగా ఉన్న వస్తువైతే బుడగ వ్యాసంలో ముందు నుంచి పావు వంతు దగ్గర ఒక బొమ్మ, ముప్పావు దగ్గర ఇంకో బొమ్మ ఏర్పడతాయి.

2వ ఫోటోలో బుడగ 8 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఒక జలాంతర్గామి ముందు నుంచి 2 సెంటీమీటర్ల లోతులో, రెండోది 6 సెంటీమీటర్ల లోతులో. మీరు బుడగ అంచు మీద ఫోకస్ చేశారు, అది 4 సెంటీమీటర్ల దగ్గర. మాక్రో లెన్స్‌తో దగ్గరగా ఎఫ్4లో తీస్తే ఇటు 2, అటు 2 సెంటీమీటర్లు పట్టదు. అందుకే అంచు షార్ప్‌గా, జలాంతర్గామి మసగ్గా ఉంది. అంచుని వదిలేసి బొమ్మ మీదే ఫోకస్ చెయ్యండి. లేదా లెన్స్ రంధ్రం ఎఫ్11 దాకా చిన్నది చేసి, తగ్గిన వెలుగుకి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచుకోండి.

మొబైల్ మల్లి
ఓహో, అందుకేనా ఫోన్‌తో తీస్తే అంతా షార్ప్‌గానే వస్తుంది?

కటకం
అంతే. ఫోన్ సెన్సర్ చాలా చిన్నది, లెన్స్ ఫోకల్ లెంగ్త్ కూడా చిన్నది. ఫోకస్ లోతు దానంతటదే ఎక్కువ ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నీ ఫోనే మేలు. వేలితో నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చెయ్, ఎక్స్‌పోజర్ కొంచెం కిందకి జరుపు.

పాలమూరు పిల్లోడు
4వ ఫోటో మస్తుంది. కానీ ఒక డౌటు. రెండు పెద్ద బుడగల నడుమ గోడ గీత గీసినట్టు నిటారుగ ఉంది. చిన్న బుడగ దగ్గర గోడ మాత్రం పెద్దదాని లోపలికి ఉబ్బింది. ఎడిటింగ్ ఏమన్న చేసిండ్రా?

రిటైర్డ్ మాస్టారు
ఎడిటింగ్ కాదు బాబూ. చిన్న బుడగ లోపల గాలి ఒత్తిడి ఎక్కువ, పెద్దదాంట్లో తక్కువ. అందుకే చిన్నది పెద్దదాంట్లోకి నెడుతుంది. రెండూ సమానమైతే మధ్య గోడ చదునుగా ఉంటుంది. మూడు గోడలు కలిసిన చోట కోణమానిని పెట్టి చూడు, మూడు కోణాలూ 120 డిగ్రీలే వస్తాయి.

ఈ నియమాల్ని రాసినాయన బెల్జియం భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. అప్పటికే ఆయనకి చూపు పూర్తిగా పోయింది. ఇంట్లోవాళ్లూ తోటివాళ్లూ చూసి చెబుతుంటే సబ్బు పొరల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేయించి 1873లో ప్రచురించాడు. ఆ నియమాలు ఎందుకు అలాగే ఉండాలో గణితంలో నిరూపించింది జీన్ టేలర్ అనే ఆవిడ, 1976లో. వందేళ్లు పట్టింది.

పాలమూరు పిల్లోడు
కొలిచిన మాస్టారూ. మా చెల్లె కంపాస్ బాక్సుల కోణమానిని తీసుకుని స్క్రీన్ మీద పెట్టిన. 120 దగ్గర్నే ఉన్నయి మూడూ. 🙏

నలుపుతెలుపు
4 ఉంచమన్నది నేనే, గమనించగలరు. అయితే ఎడమ మూలలో మీ కెమెరా, మీ చెయ్యి ప్రతిబింబం పడ్డాయి. అవి మాత్రం పోవాలి.

మొబైల్ మల్లి
ఏఐ ఎరేజర్‌తో ఒక్క నిమిషం పని.

కటకం
బుడగ మీద ఎరేజర్ వద్దు. అది చెరిపిన చోట పట్టీలని తన ఇష్టం వచ్చినట్టు కల్పించి అతికిస్తుంది. పొర మందం ఎలా మారుతోందో చెప్పే పట్టీలవి, కల్పితమైనవి ఇట్టే తెలిసిపోతాయి. నల్ల అట్టకి లెన్స్ పట్టేంత రంధ్రం చేసి కెమెరా ముందు పెట్టుకుంటే మనిషీ కనపడడు, చెయ్యీ కనపడదు.

గోదారి గట్టు
అందరూ లెన్సులూ కోణాలూ చెబుతున్నారు. నాకు మాత్రం ఐదు ఫోటోల్లో ఒక్క మనిషి కూడా లేకపోవడం లోటుగా ఉంది. బీచ్‌లో బుడగలమ్మే అబ్బాయి ఏడీ? ఊదేటప్పుడు బుగ్గలు, బుడగ పోయినప్పుడు పిల్లల మొహాలు, అవి కదా ఫోటోలు.

మా చిన్నప్పుడు సబ్బు దాకా ఎందుకు, అడవి ఆముదం ఆకు కాడ తుంచితే పాలు వచ్చేవి. కాడ చివర నొక్కితే చిన్న కంతలో పొర నిలిచేది, మెల్లగా ఊదితే బుడగలే బుడగలు. చెరువు గట్టు మీద బడి వదిలేవేళకి అదే ఆట. ఇప్పటికీ ఊళ్లలో ఆడేవాళ్లున్నారు. అది తియ్యండి, ఇంకెక్కడా దొరకదు.

నలుపుతెలుపు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. పిల్లాడు, బుడగ, వెనక నుంచి సూర్యుడు: ఇంతకన్నా అరిగిపోయిన ఫోటో ఉందా? ఆవిడ బుడగనే మనిషిలా చూస్తున్నారు, అదే ఈ ఫోటోల బలం. అడవి ఆముదం ఆలోచన బాగుంది, కానీ అది వేరే సిరీస్.

గోదారి గట్టు
అరిగిపోయింది పిల్లాడు కాదండీ, తీసే పద్ధతి. ఊదేవాడి కళ్లు బుడగ మీద ఎలా నిలబడిపోతాయో మీరు దగ్గర్నించి చూశారా? ఊపిరి ఎక్కువైతే పోతుంది, తక్కువైతే పెరగదు. ఆ జాగ్రత్తంతా మొహంలో ఉంటుంది.

కుంకుడుచెట్టు
అడవి ఆముదం పాలు కంట్లో పడకుండా, గింజలు నోట్లో పెట్టకుండా పెద్దవాళ్లు పక్కనుండాలి. గింజలు విషం. తెలియని పిల్లలకి ఆ ఆట నేర్పితే ఇది కూడా చెప్పాలి.

గోదారి గట్టు
మంచి మాట చెప్పారు.

అలలదరి
ఇన్ని విషయాలు చెప్తారని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. ఒక్కొక్కటే నోట్ చేసుకుంటున్నాను. 2 గురించి ఇంకో ప్రశ్న. ఫోకస్ సంగతి అర్థమైంది. కానీ బుడగలో రంగులే లేవు కదా, అదెందుకు? వెలుగు బాగానే ఉంది. సముద్రం మీద తళతళ తగ్గడానికి సీపీఎల్ ఫిల్టర్ వాడాను.

స్టూడియో శీను
అదే అడుగుదామనుకుంటున్నా. సీపీఎల్ తీసెయ్యండి. రంగులు ప్రతిబింబంలోంచే వస్తాయి, సీపీఎల్ పని ప్రతిబింబాన్ని కొయ్యడమే.

కటకం
నీటి మీద 53 డిగ్రీల దగ్గర తిరిగొచ్చే వెలుగు పూర్తిగా పోలరైజ్ అవుతుంది, అంటే ఒకే దిశలో కంపిస్తుంది, సబ్బు పొరకీ దాదాపు అంతే. ఆ కోణం దగ్గర ఫిల్టర్ ఒక వైపు తిప్పితే రంగు మాయం, ఇంకో వైపు తిప్పితే నిలుస్తుంది. గాల్లో తేలే బుడగ మీద అన్ని కోణాలూ ఉంటాయి కాబట్టి లేకపోవడమే నయం.

అయితే అసలు కారణం అది కాదేమో. పొర ఒక్కో తలం తిప్పి పంపే వెలుగు నూటికి 2 వంతులే. రెండు తలాల వెలుగూ కలిసొచ్చిన చోట కూడా 8 వంతుల చుట్టూనే. మిగతాదంతా దూసుకుపోతుంది. అంటే బుడగలోంచి వెనకున్నది నూటికి 90 వంతులకి పైగా కనిపిస్తుంది. మీ బుడగ వెనక తెల్లటి ఆకాశం ఉంది. ఆ వెలుగు ముందు ఈ 8 వంతులు ఏం నిలుస్తాయి? ఇంట్లో నల్ల గుడ్డ కట్టింది కూడా అందుకే కదా.

నలుపుతెలుపు
అయితే దారి దొరికింది. కుర్సురాని బుడగలో చూపించకండి, బుడగ వెనక పెట్టండి. 90 మీటర్ల పైన పొడవున్న నల్లటి ఒడలు ఇసుక మీద నిలబడి ఉంది. ఇంతకన్నా పెద్ద వెల్వెట్ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? ఆకాశం మీ వెనక వైపు నుంచి బుడగ మీద ప్రతిబింబిస్తుంది, నల్ల ఉక్కు మీద రంగులు లేస్తాయి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి ఒడ్డుకి చేరిన జలాంతర్గామి ముందు, కాసేపు కూడా నిలవని బుడగ. మనిషి లేకపోయినా అది ఫోటోనే.

గోదారి గట్టు
ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను. చాలా బాగుంది.

అలలదరి
అబ్బ! రోజూ దాని ముందునుంచే వెళ్తాను, ఒక్కసారి కూడా తట్టలేదు. ఈ వారమే వెళ్తున్నా.

కుంకుడుచెట్టు
వెళ్లే ముందు ద్రావణం సంగతి చూడండి. అమ్మే సీసాల్లోది ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. నేను కలిపేది: నీళ్లు 6 వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ 1 వంతు, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ 1 వంతు. గ్లిజరిన్ నీరు త్వరగా ఆరిపోకుండా, జారిపోకుండా ఆపుతుంది. పెద్ద బుడగ కావాలంటే గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ చిటికెడు. దాన్ని ముందు గ్లిజరిన్‌లో కలిపి తర్వాత నీళ్లలో వెయ్యాలి, నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. రాత్రి కలిపి పెట్టుకుని, పొద్దున పైనున్న నురగ తీసేసి వాడండి.

పొర ఎక్కువసేపు నిలిస్తే మాస్టారు గారి నలుపు రావడానికి కూడా టైము ఎక్కువ పడుతుంది. 3 కోసం గ్లిజరిన్ తగ్గించి, 2 కోసం పెంచి, రెండు సీసాలు కలుపుకోండి.

పాలమూరు పిల్లోడు
మా దిక్కు బోరు నీళ్లతోని కలిపితే బుడగ ఊదుడే కష్టమైతది. ఎండాకాలమైతే ఊదంగనే పోతది.

కుంకుడుచెట్టు
బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బ్యాటరీ వాటర్ కొను, అది డిస్టిల్డ్ వాటరే. బ్యాటరీలో పోసే యాసిడ్ కాదు, సీసా మీద చదివి చూసి తీసుకో. ఎండలో మాత్రం ఏం చేసినా నిలవదు, గాలిలో తేమ ఉండాలి. వాన వెలిసిన పొద్దున ప్రయత్నించు.

నా పేరు చూసి అడుగుతారని ముందే చెప్తున్నా, కుంకుడు రసంతో కూడా బుడగలు వస్తాయి. సబ్బు బుడగలంత జారుడు ఉండదు, రంగులు గిరగిరా తిరగవు. కానీ దాని పొర బిరుసు. సిరంజీతో బుడగ నింపి, గాలి కొంచెం వెనక్కి లాగితే పొర ముడతలు పడుతుంది. సబ్బు పొర అయితే ముడత లేకుండా చిన్నదవుతుంది. ఆ ముడతల మీద వెలుగు పడితే చూడాలి మీరు.

నలుపుతెలుపు
అది నాకు కావాలి. నలుపు తెలుపులో తీస్తాను. కుంకుళ్లు రేపే నానబెడతా.

మినియాపోలిస్ మావయ్య
మాకు జనవరిలో మైనస్ 20 కూడా వస్తుంది. బుడగ ఊది మంచు మీద పెడితే కింద నుంచి గడ్డకట్టడం మొదలై, లోపల మంచు పలుకులు విడిపోయి పొర అంతా తిరుగుతూ ఒక్కోటి ఒక్కో పువ్వులా పెరుగుతాయి. ఆ పలుకులు ఎందుకు అలా తిరుగుతాయో వర్జీనియా టెక్ వాళ్లు 2019లో పేపర్ కూడా రాశారు. గడ్డకట్టే అంచు దగ్గర కొంచెం వేడి విడుదలవుతుంది, ఆ వేడి తేడాకి పొరలో ప్రవాహం పుట్టి పలుకుల్ని ఊడబెరికి తీసుకెళ్తుంది. సూర్యుడు తక్కువ ఎత్తులో, బుడగ వెనక ఉండాలి. గ్లవ్స్ వేసుకుని షట్టర్ నొక్కడం ఒక్కటే కష్టం.

మొబైల్ మల్లి
లంబసింగిలో వస్తుందా మావయ్యా? అక్కడ సున్నా దాకా పడిపోతుందంటారు కదా.

మినియాపోలిస్ మావయ్య
సున్నా చాలదు రా. కనీసం మైనస్ 10 దగ్గరుంటేనే బుడగ పగిలేలోపు గడ్డకడుతుంది. లంబసింగిలో చలి వల్ల కాకపోయినా, పొద్దున పొగమంచు తేమకి బుడగలు ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకోసం వెళ్లు.

స్టూడియో శీను
5 మిగిలిపోయింది. తీసెయ్యక్కర్లేదు, మళ్లీ తియ్యాలి. పగిలేటప్పుడు పొర అంచు సెకనుకి 7, 8 మీటర్ల వేగంతో ముడుచుకుంటుంది. షట్టర్ 1/1000 సెకను పెట్టినా ఆ లోపు 7 మిల్లీమీటర్లు కదిలిపోతుంది, ఇంకేం ఆగుతుంది? షట్టర్‌తో ఆపాలని చూడకండి, ఫ్లాష్‌తో ఆపండి. గది చీకటి చేసి, కెమెరాకి తగిలించే ఫ్లాష్, అదే స్పీడ్‌లైట్‌ని 1/128 పవర్‌కి తగ్గిస్తే వెలుగు 1/20000 సెకను లోపే వెలిగి ఆరిపోతుంది. పవర్ తగ్గించేకొద్దీ ఫ్లాష్ వేగం పెరుగుతుంది, చాలామంది ఇది వాడుకోరు. వెలుగు చాలకపోతే ఫ్లాష్‌ని బుడగకి దగ్గరగా తేవాలి, పవర్ పెంచకూడదు.

పొడి సూదితో పొడవండి. తడి సూది అయితే పగలకుండా లోపలికి దూరిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు
1891 నాటికే లార్డ్ రేలీ విద్యుత్ స్పార్క్ వెలుగులో పగులుతున్న సబ్బు పొరని ఫోటో తీశాడు. సూత్రం ఇదే, శీను చెప్పిందే.

స్టూడియో శీను
మాస్టారూ, ఈ పోస్టు ప్రింట్ తీసి స్టూడియోలో గోడకి అంటిస్తా 😄

అలలదరి
కొత్తవి పెట్టాను, చూడండి.

6వ ఫోటో: పంచె కట్టి తీసిన బుడగ. శాచురేషన్ ముట్టుకోలేదు. రంగు బుడగంతా పరుచుకుంది, ఇంతకుముందు మెజెంటా ముద్దగా ఉన్నచోట ఇప్పుడు సన్నటి సుడులు కనిపిస్తున్నాయి.
7వ ఫోటో: గాజు అంచుతో పొర. పై అంచు మీద ఇత్తడి మెరుపు, దాని కింద నలుపు, తర్వాత వెండి గీత. ఈసారి ఆ గీత తిన్నగా లేదు. పక్కల నుంచి పల్చటి ముక్కలు చిన్న చిన్న తోకలతో పైకి పాకుతున్నాయి.
8వ ఫోటో: కుర్సురా ముందు బుడగ. బుడగలమ్మే అబ్బాయినే అడిగి ఊదించాను. గాలి ఆగినప్పుడే ఊదాలని, చేతిని గాలి వాలుకి తిప్పాలని అతనే నేర్పాడు. అతను ఒప్పుకున్నాక ఊదుతుండగా కూడా ఒకటి తీశాను, అది 9.

నలుపుతెలుపు
8 అద్భుతం. ఒడలు మీద వెల్డింగు గీతలు బుడగలోంచి అలాగే కనిపిస్తున్నాయి, వాటి మీద పచ్చా ఊదా. ఏమీ మార్చకండి. ఎడమ పక్క కంచె ఇనుప ఊచ ఒకటి వచ్చింది, అంతవరకు కోస్తే చాలు.

గోదారి గట్టు
నేను 9 అంటాను. అతని కనుబొమ్మలు చూడండి. బుడగ కన్నా ముందు నేనక్కడికే వెళ్లాను. అతనికి ఒక ప్రింట్ తీసి ఇవ్వండి.

అలలదరి
ఇస్తానని ముందే మాటిచ్చాను.

రిటైర్డ్ మాస్టారు
7లో ఆ పాకే ముక్కలు పొర అంచుల దగ్గర పుట్టే పల్చటి భాగాలు. చుట్టుపక్కల పొర కన్నా తేలిక, అందుకే పైకి తేలుతూ పోతాయి. పొర పల్చబడటంలో వాటి పాత్ర పెద్దది. మీ కెమెరా దాన్ని పట్టుకుంది. ఈ ఫోటోని మా పాత స్కూలుకి ఇవ్వడానికి అనుమతి కావాలి.

అలలదరి
అనుమతి ఏంటి మాస్టారూ, పెద్ద ప్రింట్ తీసి నేనే పంపిస్తాను. ఆ ప్రింట్ గురించే చివరి ప్రశ్న. మ్యాట్ పేపరా, గ్లాసీయా? నలుపు బాగా దిగాలి.

స్టూడియో శీను
నలుపు కోసమైతే గ్లాసీయే. మ్యాట్‌లో నలుపు బూడిదగా తేలిపోతుంది, వెండి గీత పక్కన ఆ లోతు కావాలి. క్లాసు గదిలో ట్యూబ్‌లైట్ల మెరుపు పడుతుంది కాబట్టి ఫ్రేముకి మామూలు అద్దం వెయ్యకండి. ల్యాబ్‌కి ఇచ్చేముందు స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి. అప్పుడు కూడా గాజు అంచు కనిపిస్తుంటేనే ప్రింట్‌లో కనిపిస్తుంది.

కటకం
12 బై 18 అంగుళాల దాకా ధైర్యంగా వెళ్లొచ్చు. ముందు ఒక చిన్న టెస్ట్ ప్రింట్ తీసుకోండి.

నలుపుతెలుపు
7లో నలుపు ఇంకా కొంచెం ఎక్కువే అని నా అభిప్రాయం. పై నుంచి ఒక వేలెడు తగ్గించి ఒక టెస్ట్ ప్రింట్, తగ్గించకుండా ఒకటి తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపితే మాస్టారూ నేనూ తేల్చుకుంటాం.

రిటైర్డ్ మాస్టారు
పంపమ్మా. నేను సిద్ధం.